నల్ల బట్టల వెనక ఒక డ్రాక్యులా

నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, కళ్ళకి కాటుక. ఇలా తయారైతే మావాళ్ళు రెండే అడుగుతారు: "మాల వేశావా?" లేకపోతే "ఏమైందిరా, బాధగా ఉన్నావా?" రెండూ కాదు. ఇది గోత్ స్టైల్. దీని వెనక ఒక హారర్ సినిమా ఉంది.

1931 నాటి 'డ్రాక్యులా'లో టైటిల్స్ అయ్యాక బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ దాదాపు ఉండదు. ఆ నిశ్శబ్దంలో బేలా లుగోసి హంగేరియన్ యాసే మనల్ని భయపెడుతుంది. అదే యాస వల్ల ఆయనకి తర్వాత మామూలు పాత్రలు పెద్దగా రాలేదు. 1956లో చనిపోతే డ్రాక్యులా కేప్‌తోనే పూడ్చిపెట్టారు.

1979లో ఇంగ్లండ్ బ్యాండ్ బౌహౌస్ ఆయన మీద 'బేలా లుగోసీస్ డెడ్' అని తొమ్మిది నిమిషాలు దాటే పాట చేసింది. గోత్ మ్యూజిక్ అక్కడే మొదలైందంటారు చాలామంది. 1982లో లండన్‌లో బ్యాట్‌కేవ్ క్లబ్ తెరిచారు. నల్ల బట్టలు, తెల్లటి మొహాలు అక్కడ మామూలే. 1983లో 'ది హంగర్' అనే వాంపైర్ సినిమా ఆ పాటతోనే మొదలైంది. అంటే సినిమాలోంచి పుట్టిన పాట మళ్ళీ సినిమాలోకే వెళ్ళింది.

నాకు అర్థమైంది ఇదీ: అందరిలో కలవని మనిషిని సినిమా దెయ్యంగా చూపించింది. ఎక్కడా ఇమడని కుర్రాళ్ళు ఆ దెయ్యాన్నే తమవాడు అనుకున్నారు. ఆ నలుపు ఏడుపు కాదు, ఒక దోస్తీ.