ఊరి సొమ్ము ఊరికే అప్పు

మిరప నారుకు, పత్తి విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు జూలై, ఆగస్టు నెలల్లో డబ్బు కావాలి. ఆ డబ్బు తిరిగి చేతికి వచ్చేది ఫిబ్రవరి, మార్చిల్లో, టిక్కీలు గుంటూరు మిర్చి యార్డుకు చేరాకే. నడుమ ఎనిమిది నెలలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి యాభై వేలు తెచ్చిన కౌలు రైతు ఆ ఎనిమిది నెలలకు వడ్డీ కిందే పన్నెండు వేలు కడతాడు. కమీషన్ కొట్టులో అడ్వాన్సు తీసుకున్నాడా, సరుకు ఆ కొట్టుకే వేయాలి. ధర గురించి గట్టిగా అడిగే వీలుండదు.

గుంటూరు, ప్రకాశం సీమలో (2022 తర్వాతి పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడా ఇందులోవే) మన కుటుంబాలు ఈ లెక్కకు దూరంగా లేవు. కౌలుకు చేసేవారున్నారు, యార్డులో బస్తాలు మోసేవారున్నారు, దూది ఏకి పరుపులు కుట్టే నూర్‌బాషాలున్నారు. పెళ్లి గానీ, కాన్పు గానీ, ఆసుపత్రి గానీ వచ్చిందంటే ఇంట్లో ఆడవాళ్ల నగలు తాకట్టు కొట్టుకు వెళ్తాయి. వడ్డీ హరామ్ అని శుక్రవారం ఖుత్బాలో వింటాం. సోమవారం అదే కొట్టు మెట్లెక్కుతాం. మరో దారి ఉందా?

ఇరుగుపొరుగు కలిసి పొదుపు చేసి, అందులోంచే అప్పు ఇచ్చుకోవడం కొత్త సంగతి కాదు. 1864లో జర్మనీలో రైఫైజెన్ అనే గ్రామాధికారి రైతుల పరపతి సంఘం పెట్టాడు. 1900లో కెనడాలోని లెవీ అనే చిన్న పట్టణంలో అల్ఫోన్స్ డెజార్డాన్ అనే పత్రికా రచయిత అలాంటిదే స్థాపించాడు. 1901 జనవరిలో జరిగిన తొలి వసూలు మొత్తం 26 డాలర్ల 40 సెంట్లు. మొదట చేతికందిన సొమ్ము పది సెంట్లు! ఈనాడు అది కెనడాలోని పెద్ద ఆర్థిక సంస్థల్లో ఒకటి.

మన దేశానికి ఈ పద్ధతి సర్కారు ద్వారా వచ్చింది. మద్రాసు రాజధానిలో పనిచేసిన ఫ్రెడరిక్ నికల్సన్ నివేదిక తర్వాత 1904లో సహకార పరపతి సంఘాల చట్టం చేశారు. అప్పట్లో గుంటూరు కూడా మద్రాసు రాజధానిలోదే. అయినా 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతటా సర్వే చేయిస్తే, పల్లెల అప్పులో సహకార సంఘాలు ఇచ్చింది నూటికి మూడు వంతులే అని తేలింది. సుమారు డెబ్బై వంతులు వడ్డీ వ్యాపారులవే. యాభై ఏళ్లలో ఇంతేనా అనిపిస్తుంది. కారణం ఊహించడం కష్టం కాదు. పైనుంచి వచ్చిన డబ్బును జనం సర్కారు డబ్బుగానే చూశారు. తమ సొమ్ము అయితే ఎగ్గొట్టినవాడిని పొరుగువాడే అడుగుతాడు.

తెలంగాణలోని ముల్కనూరు సంఘం చరిత్ర దీనికి భిన్నం. 1956లో విశ్వనాథరెడ్డి చొరవతో కొద్ది వందల మంది రైతులు మొదలుపెట్టిన ఈ సంఘం అప్పుతో ఆగలేదు. ఎరువులు, విత్తనాలు అందించింది, సభ్యుల వడ్లు, పత్తి తానే కొన్నది, జిన్నింగ్ మిల్లు పెట్టుకున్నది. అప్పు ఇచ్చినవాడే పంట కొంటే వసూలు సులువు. కొట్టు వ్యాపారి పద్ధతీ ఇదే. అక్కడ లాభం ఒకరిది, ఇక్కడ సభ్యులది. కాకపోతే ముల్కనూరులో వడ్డీ ఉంది.

వడ్డీ లేకుండా నడిచినవీ ఉన్నాయి. హైదరాబాదులో 1891లోనే సయ్యద్ ఉమర్ ఖాదిరీ అలాంటి సంఘం పెట్టారని, ఆ నగరంలోనే పుట్టిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908-2002) రాశారు. ఉత్తరప్రదేశ్‌లో 1941లో టాండా బావలీలో, 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్‌లు వెలిశాయి. హైదరాబాదులో 1966లో తూర్ బైతుల్‌మాల్ మొదలైంది. పద్ధతి సాదాసీదాది. ఉన్నవారు డబ్బు దాచుకుంటారు, లాభం అడగరు. లేనివారు నగ కుదువ పెట్టి అప్పు తీసుకుంటారు. తీసుకున్నంతే కట్టి నగ తీసుకెళ్తారు. గది అద్దె, గుమాస్తా జీతం విరాళాల నుంచో సర్వీసు చార్జీ నుంచో రావాలి. ఆ చార్జీ అసలు ఖర్చుకు మించితే అది వేరే పేరుతో వడ్డీయే అవుతుంది. ఇక్కడ మొహమాటం పనికిరాదు.

మన సీమలో ఇంకో చిక్కు ఉంది. అందరికీ డబ్బు వచ్చేది ఒకే నెలలో, కావలసిందీ ఒకే నెలలో. మార్చిలో దాచి జూలైలో ఇచ్చుకుంటే పెట్టె బాగానే నడుస్తుంది. కానీ 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి ఏడాది రైతులే ఉన్న సంఘంలో కట్టేవాడుండడు, దాచేవాడూ ఉండడు. ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు గడువివ్వమని ఖుర్ఆన్ (2:280) చెబుతోంది. గడువివ్వాలంటే పెట్టెలో వేరే డబ్బు ఉండాలి. అందుకే ఆటో డ్రైవరు, టీచరు, మాంసం కొట్టు నడిపేవారు, కుట్టుపని చేసే సోదరి, గల్ఫ్‌లో ఉన్న అబ్బాయి కూడా సభ్యులు కావాలి. వాళ్లకు పంటతో పని లేదు.

చట్టం అడ్డు కాదు. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద, సర్కారు వాటా లేకుండా సభ్యులే సంఘాన్ని నడుపుకోవచ్చు. అలాగని పేరులో సహకారం ఉన్నదల్లా నమ్మదగింది కాదు. 2001లో హైదరాబాదులో క్రుషి సహకార అర్బన్ బ్యాంకు కూలి వేలాది డిపాజిటర్లు వీధిన పడ్డారు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ (2:282) అప్పును కాగితం మీద పెట్టడం గురించీ, సాక్షుల గురించీ. జమాఖర్చుల కాగితం నెలనెలా గోడకు అంటిస్తే ఏ సభ్యుడైనా చూసుకోగలడు.

నూరు కుటుంబాలు నెలకు నూరు రూపాయలు వేస్తే ఏడాదికి లక్షా ఇరవై వేలు. మూడో వంతు పెట్టెలోనే ఉంచితే మిగిలేది ఎనభై వేలు. ఇరవై వేల చొప్పున నలుగురికి వస్తుంది. ఐదో మనిషి కమిటీ వారి బావమరిదే అయినా, వచ్చే ఏడాది చూద్దామని చెప్పాలి.