చలి రాత్రి మొక్కకు నేలే కుంపటి

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి కొర్రబయలు అని మరో పేరుంది. రాత్రి ఆరుబయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు. సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊళ్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత ఒక్కోసారి సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. మనిషి చలిమంట వేసుకుంటాడు, దుప్పటి కప్పుకుంటాడు. కదల్లేని మొక్క ఏం చేయాలి?

దానికీ దుప్పటి కప్పవచ్చు. అయితే ఆ దుప్పటి పనిచేసే తీరు వేరు. మనిషి ఒంట్లో పుట్టే వేడిని దుప్పటి బయటికి పోనివ్వదు. మొక్క ఒంట్లో చెప్పుకోదగ్గ వేడి పుట్టదు. పగలంతా ఎండను తాగిన నేలే రాత్రి దానికి కుంపటి. ఆ వేడి కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి పోతూ ఉంటుంది. మబ్బు పడితే అందులో కొంత తిరిగి కిందికి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి స్తంభించిన రాత్రి అది చాలావరకు పైకే పోతుంది. అలాంటి రాత్రుల్లో ఆకు తన వేడిని కూడా పోగొట్టుకుని చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. అందుకే ఉష్ణమాపకం 2, 3 డిగ్రీలు చూపుతున్నా గడ్డిమీద తెల్లటి మంచు పేరుకుంటుంది.

మంచు ముందుగా కణాల మధ్య ఖాళీల్లో కడుతుంది. కట్టిన మంచు కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. కణం ఎండిపోయి, దాని పొర చిట్లుతుంది. మర్నాడు ఎండ తగలగానే ఆకు ఉడికినట్టు వాడి, తర్వాత నల్లబడుతుంది.

ఉష్ణమండలపు మొక్కలు దెబ్బతినడానికి మంచు కూడా అక్కర్లేదు. టమాటా, అరటి, తులసి వంటివి 10 డిగ్రీలకు దిగువన ఎక్కువసేపు ఉంటే వాటి కణాల పొరలు బిరుసెక్కుతాయి. చల్లబడిన వేళ్లు నీటిని సరిగా పీల్చలేవు. మన్ను తడిగా ఉన్నా మొక్క వాడుతుంది. దాహమేమోనని ఇంకా నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లుతాయి.

రక్షణ నేలనుంచే మొదలవ్వాలి. పొడిమట్టికంటే తడిమట్టి ఎక్కువ వేడిని దాచుకుంటుంది, దాన్ని తేలిగ్గా పైకి అందిస్తుంది. కాబట్టి గడ్డకట్టే చలి రాబోతోందంటే మట్టి పొడిగా ఉన్నచోట ముందురోజు పొద్దున్నే తడి పెట్టాలి. నేలపై పరిచిన ఎండుగడ్డి వేళ్లను కాపాడుతుంది కానీ పగటి వేడిని మట్టిలోకి దిగనివ్వదు. లేత మొక్కల చుట్టూ దాన్ని కొంచెం పక్కకు జరపడం మేలు. పాత దుప్పటి, గోనెపట్టా ఏది కప్పినా అంచులు నేలను తాకాలి. తలకు మాత్రం చుట్టి కాండం దగ్గర బిగించి కడితే నేల వేడి లోపలికి రాదు. ప్లాస్టిక్ షీటు కప్పితే అది ఆకుకు తగలకుండా కర్రలు పాతాలి. ఎండ రాగానే కప్పు తీసేయాలి. పొగ వేస్తే మంచు పడదన్న నమ్మకం కూడా ఉంది. పొగ పరారుణ కిరణాలను పెద్దగా ఆపలేదు. మేలేదైనా జరిగితే అది మంట వేడివల్లే.

అమెరికాలోని ఫ్లోరిడా రైతులు స్ట్రాబెర్రీ తోటలపై రాత్రంతా నీళ్లు చల్లుతారు. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 80 కేలరీల వేడిని వదులుతుంది. నీరు పడుతూ ఉన్నంతసేపూ మొగ్గ సున్నా డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. మధ్యలో ఆపితే మాత్రం నష్టం ఇంకా పెరుగుతుంది. ఇంటి తోటకు ఇది పనికిరాదు.

కుండీ మొక్కకు నేల కుంపటి లేదు. చలి దాని వేళ్లను అన్నివైపులనుంచీ చుట్టుముడుతుంది. మిద్దెతోటలో కుండీలను గోడవారకు దగ్గరగా చేర్చితే కొంత ఆసరా దొరుకుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్ ప్రాంతంలో 2021 ఫిబ్రవరి 16న ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. అంతటి చలిలో కరివేపాకు కుండీకి ఇంటి లోపలే చోటు. చలికి అది ఆకు రాల్చినా చచ్చిపోయినట్టు కాదు. అప్పుడు నీళ్లు తగ్గించి, వెలుతురు తగిలేచోట ఉంచాలి.

నల్లబడిన కొమ్మలను వెంటనే కత్తిరించకూడదు. ఎండిన ఆకులే కింది మొగ్గలకు కప్పుగా ఉంటాయి. పైగా కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురు మరుసటి చలికి మాడిపోతుంది. గోటితో బెరడు గీరి చూడండి. లోపల పచ్చగా ఉంటే కొమ్మ బతికే ఉంది. చలి పూర్తిగా తగ్గి కొత్త చిగురు కనిపించేదాకా కత్తెర పక్కన పెట్టండి.