నాలుగేళ్ల తర్వాత...?

పశ్చిమగోదావరి జిల్లా మాధవరానికి 'మిలటరీ మాధవరం' అనే పేరు. రెండు ప్రపంచయుద్ధాలకూ సిపాయిల్ని పంపిన ఊరది. అలాంటి ఊళ్లలో ఒకప్పుడు కొడుకు సైన్యంలో చేరాడంటే ఇంటికి జీవితకాలపు పింఛను భరోసా దొరికినట్టే. 2022లో అగ్నిపథ్‌ వచ్చాక ఆ లెక్క మారింది. అగ్నివీరుల సర్వీసు నాలుగేళ్లే. ఆపైన సైన్యంలో కొనసాగేది మహా అయితే నూటికి పాతికమంది. మిగిలినవారికి పింఛను ఉండదు. కాబట్టి అబ్బాయి చేరేముందే ఇంట్లో ఆ తర్వాతి సంగతీ మాట్లాడుకోవాలి.

ముందు: సైన్యంలో చేరాలంటే మొదట ఆన్‌లైన్‌ రాతపరీక్ష గట్టెక్కాలి. 1.6 కిలోమీటర్ల పరుగు ఆ తర్వాతే. పొద్దున్నే మైదానానికి పంపితే చాలదు, సాయంత్రం పుస్తకం కూడా పట్టించాలి.

సర్వీసులో: పదో తరగతితో చేరినవాళ్లు అక్కడే ఇంటర్‌కు సమానమైన సర్టిఫికెట్‌ పొందవచ్చు. ఇగ్నో డిగ్రీకీ వీలుంది. ఫోన్‌లో 'తిన్నావా?' అన్నాక 'చదువెంతవరకొచ్చింది?' అనీ అడగండి.

వచ్చాక: సేవానిధి కింద చేతికి సుమారు 11.71 లక్షల రూపాయలొస్తాయి. పన్నుండదు. అందులో సగం అతని జీతంలో నెలనెలా పక్కన పెట్టిందే. అక్క పెళ్లికో, ఇంటి స్లాబుకో దాన్ని ముందే రాసేసుకోకండి. ఆ డబ్బుతోనే అతను మళ్లీ జీవితం మొదలుపెట్టాలి. కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్‌ ఉంది, నోటిఫికేషన్లు గమనిస్తుండాలి.

గుమ్మంలో అడుగుపెట్టగానే 'ఇక ఏం చేస్తావ్‌?' అని నిలదీయకండి. పక్కన కూర్చుని 'ఏం చేద్దాంరా?' అనండి.