పట్టా సరే... గడప ఎప్పుడు?

తిరుమలకు ‘గడప’ కాబట్టే కడపకు ఆ పేరొచ్చిందంటారు. ఆ జిల్లాలో సొంత గడప కోసం పేదల ఎదురుచూపులు మాత్రం ఈనాటివి కావు. పథకాలూ తక్కువేం రాలేదు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ, 2016లో గ్రామాలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన, 2020లో ‘నవరత్నాలు- పేదలందరికీ ఇళ్లు’. పేర్లు మారినా ఆశయం ఒక్కటే... నిలువ నీడ లేని కుటుంబం ఉండకూడదని. మరి పట్టాకీ గడపకీ మధ్య దూరమెంత? మూడు ఊళ్లు మూడు రకాలుగా చెబుతాయి.

పునాది దగ్గరే...

పులివెందులకు ఇళ్ల పథకాలతో దగ్గరి బంధం. ఇందిరమ్మను తెచ్చిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి, 2020 పథకాన్ని తెచ్చిన జగన్మోహన్‌రెడ్డి... ఇద్దరూ ఇక్కడి ఎమ్మెల్యేలుగా ఉంటూనే ముఖ్యమంత్రులయ్యారు. 2020 పథకంలో స్థలం మహిళ పేరిట ఇచ్చారు. ఇంటికి రూ.1.80 లక్షలు. బిల్లు మాత్రం పని జరిగేకొద్దీ వస్తుంది. అంటే ముందు చేతి డబ్బు పెట్టాలి. అది లేనివాళ్ల ఇల్లు పునాదితోనే ఆగిపోతుంది. అసంపూర్తి ఇళ్లకు ఎస్సీ, బీసీలకు రూ.50 వేలు, ఎస్టీలకు రూ.75 వేలు అదనంగా ఇస్తామని 2025లో ప్రభుత్వం ప్రకటించడానికి కారణమిదే.

మగ్గానికి చోటేది?

ప్రొద్దుటూరులో చేనేత కుటుంబాలు ఎక్కువ. నేతన్నకు ఇల్లే కార్ఖానా. గుంటమగ్గం వేస్తే ఒక గది దానికే సరి. 2020 పథకంలో పట్టణాల్లో ఇచ్చింది సెంటు... 48.4 గజాలు! తర్వాతి ప్రభుత్వం దాన్ని పట్టణాల్లో రెండు, పల్లెల్లో మూడు సెంట్లు చేస్తామంది.

ఉన్న ఇల్లు మునిగితే!

జమ్మలమడుగు ప్రాంతానిది మరో కథ. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాసులు పరిహారం, పునరావాసం తేలాకే కదులుతామని ఆందోళనకు దిగారు. నీళ్లు పొలాలకు కావాల్సిందే. కానీ అందుకోసం తరతరాల ఇంటిని వదులుకునేవాళ్లకు, నీరు ఊళ్లోకి రాకముందే కొత్త ఇల్లు సిద్ధం కావద్దూ?

తలుపు నంబరు లేనివాళ్లు

ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించనివాళ్లూ ఉన్నారు. బస్టాండుల్లో, గుడి మండపాల్లో, దుకాణాల అరుగుల మీద తలదాచుకునేవాళ్లు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి జనగణన సిబ్బంది ఇలాంటివారిని వెతికి లెక్కపెట్టారు. దేశం మొత్తమ్మీద 17.7 లక్షల మంది తేలారు. పట్టణాల్లో లక్ష జనాభాకు వంద మందికి సరిపడా వసతి ఉండాలని 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ చెప్పింది. ఇంటికి దరఖాస్తు చేయాలంటే కార్డులు కావాలి, కార్డుకు చిరునామా కావాలి. అది లేనివాళ్ల దగ్గరికి అధికారులే వెళ్లాలి. ‘అందరికీ ఇళ్లు’లోని ‘అందరూ’ అప్పుడే పూర్తవుతారు.