ఫోను మూగవోయినప్పుడు: ఒక కారణ విచారణ

వ్యాధి నిర్ణయము లేని చికిత్స ధన వ్యయము మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు హాని కూడా. అనుభవజ్ఞుడైన హకీము నాడి చూచిన పిదపనే మందు వ్రాస్తాడు. యంత్రముల విషయంలోనూ ఇదే నియమము వర్తిస్తుంది. కాని నిత్యము మన చేతిలో ఉండే స్మార్ట్‌ఫోను విషయంలో మనము ఈ నియమమును తరచు మరచిపోతున్నాము.

గత విద్యా సంవత్సరంలో డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చి, "సార్, పరీక్ష ఫీజుకు కొంచెం గడువు ఇప్పించండి" అని కోరాడు. కారణమడిగాము. అతని తండ్రి సౌదీ అరేబియాలో పనిచేస్తూ ప్రతి శుక్రవారము ఇంటికి ఫోను చేస్తాడట. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. మూడు వారములుగా అందులో ఆయన గొంతు అందటం లేదు. మరమ్మతు దుకాణంలో చూపిస్తే బోర్డు పోయిందనీ, 2,500 రూపాయలు అవుతుందనీ చెప్పారట. ఫీజుకని దాచిన సొమ్ము అందుకు ఇవ్వబోతున్నాడు.

"స్పీకరు నొక్కి విన్నావా బాబూ?" అని అడిగాము.

"స్పీకరులో బాగానే వినిపిస్తుంది సార్. కాని ఉన్నది ఒక్క గది. అందరి ముందు అబ్బాతో అమ్మీ ఏం మాట్లాడగలదు? బాగున్నారా అని అడిగి, ఫోను నా చేతికి ఇచ్చేస్తుంది."

ఆ సమాధానంలోనే వ్యాధి నిర్ణయము సగము ఉన్నదని అతడు గ్రహించలేదు. ఈ వ్యాసమునకు ఆ సంభాషణయే ప్రేరణ.

శబ్దము నడచే దారి తెలిస్తే, ఆ దారి ఎక్కడ తెగిందో వెదకటం సులభము. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనును ఆవిష్కరించిన నాటి మూల సూత్రమే నేటికీ నిలిచి ఉన్నది. మాట గాలిలో ప్రకంపనమై, మైకులో విద్యుత్ సంకేతమై, ఆవలి చెవి వద్ద తిరిగి ప్రకంపనమవుతుంది. నేటి ఫోను ఆ సంకేతమును అంకెలుగా మార్చి పంపుతున్నది, అంతే భేదము. స్పీకరులో అయస్కాంతము, దానికి చేరువగా సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటిన పలుచని పొర ఉంటాయి. విద్యుత్తు ప్రవహించినప్పుడు చుట్ట కదలి పొరను కదిలిస్తుంది. ఆ కదలికయే మనకు వినిపించే ధ్వని.

ఇట్టి స్పీకర్లు ఫోనులో సాధారణముగా రెండు. తెరకు పైభాగమున చెవికి ఆనించుకొనేది ఒకటి, క్రింది అంచున బిగ్గరగా పలికేది మరొకటి. మైకు క్రింది అంచున ఉంటుంది. చాలా ఫోనులలో పైభాగముననో, వెనుకనో రెండవ మైకు కూడా ఉంటుంది. కనుక "ఫోనులో శబ్దము రావటం లేదు" అన్న మాట వైద్యునితో "ఒంట్లో బాగాలేదు" అనటం వంటిది. ఏ శబ్దము, ఏ ద్వారమున, ఎప్పుడు రావటం లేదన్నదే అసలు ప్రశ్న.

మొదట పరిశీలించవలసినవి అమరికలు. ఆండ్రాయిడ్ ఫోనులలో పాటలకు, గంటకు, అలారమునకు, సంభాషణకు వేర్వేరు ధ్వని స్థాయిలు ఉంటాయి. పాట బిగ్గరగా వినిపించినంత మాత్రమున సంభాషణ స్థాయి సరిగా ఉన్నదని అనుకోరాదు. మాట్లాడుతున్న సమయముననే ప్రక్కనున్న మీట నొక్కి దానిని పెంచవలెను. గంట మాత్రమే మ్రోగకపోతే సైలెంట్ లేదా డు నాట్ డిస్టర్బ్ అమరికను చూడవలెను. పలు ఐఫోన్లలో నిశ్శబ్దమునకు ప్రక్కన ప్రత్యేకమైన మీట ఉంటుంది. జేబులో రాసుకొని అది జరిగిపోవటం కద్దు.

తరువాతది బ్లూటూత్. శబ్దము ఇంట్లోనే మరొక గదిలోని స్పీకరుకో, సంచిలోని ఇయర్‌ఫోనుకో పోతూ ఉంటే, మనము ఫోను మూగవోయిందని చింతిస్తాము. బిడ్డను చంకనుంచుకొని ఊరంతా వెదకినట్లన్నమాట! ఒక పర్యాయము మేమే ఇట్లు అరగంట వెదకినాము. బ్లూటూత్‌ను ఆపి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

తీగ ఇయర్‌ఫోనులో ఒక చెవి పలకకపోతే దానిని మరొక ఫోనుకు పెట్టి చూడవలెను. అక్కడా పలకకపోతే దోషము ఇయర్‌ఫోనుది. అక్కడ పలికితే మన ఫోను రంధ్రములో ధూళి ఉండవచ్చును, లేదా కుడి ఎడమల ధ్వనిని సరిచేసే అమరిక ఒక ప్రక్కకు జరిగి ఉండవచ్చును. ఈ అమరిక యాక్సెసిబిలిటీ విభాగంలో ఉంటుంది. రెండు ప్రక్కల ధ్వనిని ఒక్కటిగా కలిపే మోనో ఆడియో కూడా అక్కడనే ఉన్నది. ఒక చెవి వినబడనివారికి అది ఎంతో ఉపకారి.

మూడవది, ధ్వని ద్వారములకు కలిగే అడ్డంకి. చెవి స్పీకరు పైనున్న సన్నని జాలీలో ధూళి, చెమట, నూనె చేరి గట్టిపడతాయి. వంకరగా అంటించిన తెర అద్దము ఆ జాలీని కప్పివేయగలదు. పొడిగా, శుభ్రముగా ఉన్న మెత్తని కుంచెతో మెల్లగా తుడవవలెను. సూదితో పొడవటం, నోటితో ఊదటం తగదు. సూది పొరను చీలుస్తుంది, ఊపిరి తేమను చేరుస్తుంది. తెర పైభాగమున, ముఖము సమీపించినదీ లేనిదీ గుర్తించే సెన్సారు ఒకటి ఉంటుంది. దానిని అద్దము కప్పితే, ఫోను చెవి దగ్గరనే ఉన్నదని భ్రమపడుతుంది. వాట్సాప్ స్వర సందేశములు పెద్ద స్పీకరులో కాక చెవి స్పీకరులో సన్నగా వినిపించటానికి ఇదొక కారణము.

మన మాటయే ఆవలివారికి అందకపోతే విచారించవలసినది మైకును. రికార్డరులో పది సెకండ్లు మాట్లాడి తిరిగి వినవలెను. స్పష్టముగా ఉంటే మైకు క్షేమము. దోషము నెట్‌వర్కులోనో, మైకు వాడుటకు అనుమతి పొందని యాప్‌లోనో ఉన్నది. మాట మందముగా నమోదైతే, కవరు మైకు రంధ్రమును మూసినదేమో చూడవలెను. మాట తెగి తెగి వస్తూ, చోటు మారినప్పుడు బాగుపడితే అది సంకేతబలముయొక్క లోపము. దానికై ఫోనును విప్పించటం వ్యర్థము.

ఇవన్నీ చూచిన పిమ్మట ఫోనును ఒకసారి ఆపి తిరిగి వెలిగించవలెను. చిక్కుపడిన సాఫ్ట్‌వేరు చాలాసార్లు దీనితోనే సర్దుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్ అనే స్థితిలో మనము చేర్చిన యాప్‌లు పనిచేయవు. అక్కడ ధ్వని చక్కగా వస్తే, దోషము ఏదో ఒక యాప్‌దని ఊహించవచ్చును. ఫోనులోని సమస్తమును తుడిచివేసే ఫ్యాక్టరీ రీసెట్ చిట్టచివరి ఉపాయము. పాఠములను, ఫోటోలను వేరొక చోట భద్రపరచకుండా దాని జోలికి పోరాదు.

ఫోను నీట పడితే బియ్యములో పాతిపెట్టే అలవాటు మనలో ఉన్నది. బియ్యపు నలుసులు లోనికి చేరి హాని చేయవచ్చునని ఆపిల్ సంస్థ 2024లో హెచ్చరించినది. ఫోనును ఆపి, ఛార్జరు పెట్టక, రంధ్రము క్రిందికి ఉండునట్లు పట్టుకొని నెమ్మదిగా తట్టి, గాలి ఆడే చోట ఆరనివ్వవలెను.

ఇంత చేసినా ఫలితము లేనప్పుడు దుకాణమునకు పోవలసినదే. పొర చినిగినా, తీగచుట్ట తెగినా మన చేతిలో మందు లేదు. కాని "శబ్దము లేదు" అని చెప్పి చేతులు కట్టుకొని నిలబడే వానికీ, "పెద్ద స్పీకరు పలుకుతున్నది, చెవి స్పీకరు పలకటం లేదు, అమరికలు చూచాను, ధూళి తుడిచాను" అని చెప్పగలవానికీ ఎంతో భేదమున్నది. రెండవవానిని మోసగించటం అంత సులభము కాదు.

ఇక ఆ విద్యార్థి సంగతి. తండ్రి మాట పెద్ద స్పీకరులో స్పష్టముగా వస్తున్నదంటే సౌదీ నుండి సంకేతము చేరుతున్నది, బోర్డు దానిని మాటగా మారుస్తున్నది. మిగిలినది చివరి అంగుళము. నెల క్రిందట కొత్తగా వేయించిన తెర అద్దము జాలీని సగము కప్పి ఉన్నది, మిగతా సగములో ధూళి గట్టిపడి ఉన్నది. అద్దము తీసి, కుంచెతో తుడిచి, అతని చేతనే మాకు ఫోను చేయించాము. ప్రక్క గదిలోనుండి మేము పలికిన మాట అతని చెవికి చక్కగా అందినది. ఫీజు గడువు లోపలనే కట్టాడు. మరుసటి సోమవారము కనిపించి, "అమ్మీ నిన్నగాక మొన్న ఫోను తీసుకొని మేడ మీదికి వెళ్ళింది సార్, గంటసేపు దిగిరాలేదు" అని చెప్పి నవ్వాడు.

దారిని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును పరీక్షించి, నిర్దోషమైనదానిని ప్రక్కకు పెట్టి, మిగిలినదానిని పట్టుకొనుట, ఇదే శాస్త్రీయ దృష్టి. ప్రయోగశాలలో మనము నేర్చేది దీనినే. అది నాలుగు గోడల మధ్యనే ఉండిపోక, మన ఇంటి అవసరములకు కూడా అక్కరకు రావలెనని కోరుతున్నాము.