మీకు తెలుసా? బుధుడి లెక్క తేల్చిన బడిపంతులు

బుధగ్రహం కక్ష్యలోని చిక్కును విప్పింది ఐన్‌స్టీన్ అని చదువుకున్నాం. ఆ చిక్కు విప్పే సూత్రాన్నే ఆయన కంటే 17 ఏళ్ల ముందే, 1898లో, ఒక జర్మన్ బడిపంతులు అచ్చు వేయించాడని మీకు తెలుసా? పేరు పాల్ గెర్బర్. ఊరు స్టార్‌గార్డ్. ఇప్పుడది పోలండ్‌లో ఉంది.

ముందు ఆ చిక్కేమిటో చూద్దాం. బుధుడు సూర్యుడికి అతి దగ్గరగా వచ్చే చోటును పరిహేళి అంటారు. చుట్టు చుట్టుకీ అది రవ్వంత ముందుకు జరుగుతుంది. మిగతా గ్రహాల లాగుడు అంతా లెక్కలోకి తీసుకున్నా కొంత జరుగుడు మిగిలిపోతోందని 1859లో ఫ్రెంచి ఖగోళవేత్త లెవెరియే గమనించాడు. తర్వాత మరో ఖగోళవేత్త న్యూకాంబ్ ఆ మిగులును నూరేళ్లకు 43 ఆర్క్ సెకన్లుగా సవరించాడు. ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. ఈ మిగులు ఒక్కటే పోగుపడి పరిహేళి పూర్తిగా ఒక చుట్టు తిరగాలంటే 30 లక్షల ఏళ్లు పడుతుంది! అంత చిన్న తేడాను వదిలిపెట్టకుండా పట్టుకున్న ఆ తరం ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

కంటికి కనపడని గ్రహమేదో లాగుతోందని లెవెరియే నమ్మాడు. దానికి వల్కన్ అని పేరూ పెట్టారు. ఎంత వెతికినా దొరకలేదు. ఇంకొందరు న్యూటన్ సూత్రాన్నే సవరించబోయారు. ఆకర్షణ దూరాన్ని బట్టే కాదు, వస్తువుల వేగాన్ని బట్టి కూడా మారుతుందేమో అన్నారు. బుధుడు సగటున సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో పరుగెడతాడు. గ్రహాలన్నిటిలో వేగం ఎక్కువ కాబట్టి తేడా ముందు అక్కడే బయటపడాలి. విద్యుత్తుకు వెబర్ అనే శాస్త్రవేత్త రాసిన వేగ సూత్రాన్ని ఖగోళవేత్త టిస్సెరాండ్ 1872లో గురుత్వాకర్షణకు వర్తింపజేస్తే సుమారు 14 ఆర్క్ సెకన్లే వచ్చాయి. చాలలేదు.

గెర్బర్ మరో దారి పట్టాడు. ఆకర్షణ ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు చేరడానికి సమయం పడుతుందనుకుని, బుధుడి తేడాను బట్టి దాని వేగాన్ని రాబట్టాడు. సెకనుకు 3,05,500 కిలోమీటర్లు వచ్చింది. దాదాపు కాంతి వేగమే!

గెర్బర్ 1909లో చనిపోయాడు. 1915 నవంబరులో ఐన్‌స్టీన్ తన కొత్త సిద్ధాంతం నుంచి అదే సూత్రం రాబట్టాడు. 1917లో ఐన్‌స్టీన్ వ్యతిరేకి గెర్కే, గెర్బర్ వ్యాసాన్ని మళ్లీ అచ్చు వేయించి ఘనత గెర్బర్‌దేనని వాదించాడు. జెలిగర్, లావే అనే శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించి, మొదట పెట్టుకున్న ఊహల నుంచి ఆ సూత్రం రాదని చూపించారు. పైగా గెర్బర్ సూత్రాన్ని సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్ర కాంతికి వర్తింపజేస్తే, వంపు ఐన్‌స్టీన్ చెప్పిన 1.75 ఆర్క్ సెకన్లకు ఒకటిన్నర రెట్లు వస్తుంది. 1919 గ్రహణంలో తీసిన కొలతలు ఐన్‌స్టీన్ పక్షానే నిలిచాయి. కనుక ఘనత ఐన్‌స్టీన్‌దే అనడంలో నాకు సందేహం లేదు.

అయినా స్టార్‌గార్డ్ పంతులు ఒక్క విషయంలో సరిగ్గా ఊహించాడు: ఆకర్షణ దాదాపు కాంతి వేగంతోనే ప్రయాణిస్తుంది. 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగం, గామా కిరణాలు 2017 ఆగస్టు 17న భూమిని చేరాయి. అంత దూరం ప్రయాణించి వచ్చాక రెండింటి రాకకు మధ్య తేడా 1.7 సెకన్లే.