మెరవకూడని రంగు

బెంగళూరులో కుందలహళ్ళి గేటు దాటి లోపలికి పోతే, అపార్ట్‌మెంట్ల వెనక ఇంకా మిగిలిన రేకుల షెడ్లలో ఒకదాంట్లో ఒక యుద్ధకాలపు జీపు విప్పదీసి ఉంది. బానెట్ బల్ల మీద, ముందు అద్దం ఫ్రేము గోడకి ఆనించి, సీట్లు అటక మీద. పెయింటరు మదనపల్లె వైపు మనిషి. బానెట్ మీద అరచేతి మేర వాటర్ పేపర్‌తో రుద్ది, మగ్గుతో నీళ్ళు పోశాడు. చక్కటి ముదురు ఆకుపచ్చ తేలింది. జీపు యజమాని వెంటనే ఫోను తీసి ఫొటో కొట్టుకున్నాడు, ఇదే ఒరిజినల్ అంటూ. పెయింటరు నవ్వాడు. "ఉండండి సార్, ఆరనీండి." నీళ్ళు ఆరాయి. ఆకుపచ్చ మాయమై, పేడరంగుకీ బూడిదరంగుకీ మధ్య ఏదో మిగిలింది. "తడిసింటే ఒక మాదిరి, ఆరితే ఇంకో మాదిరి ఉంటాది. ఏది కొట్టాల సార్?"

నాకు ఆ జీపు ఇంజన్ కంటే ఈ ప్రశ్నే ఎక్కువ నచ్చింది.

జీపు పుట్టుక చాలామందికి తెలిసిందే. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలంది. బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల గడువులో నమూనా తయారుచేసి సెప్టెంబరు 23న అప్పగించింది. దాన్ని చూసి విల్లీస్, ఫోర్డ్ తమ బళ్ళు దింపి, ఆర్డర్లు దాదాపు అన్నీ ఎగరేసుకుపోయాయి. బాంటమ్‌కి జరిగింది అన్యాయమే. అయితే ఆ పోటీలో రంగుకి సంబంధించిన ముక్క ఒకటుంది. సైన్యం బరువుకి హద్దు పెట్టింది, 2,160 పౌండ్లు, అంటే సుమారు 980 కిలోలు. విల్లీస్ చీఫ్ ఇంజనీరు బార్నీ రూస్ దగ్గర 60 హార్స్‌పవర్ ఇంజన్ ఉంది, బలమైనదే, కానీ బరువు. ఇంజన్‌ని వదులుకోలేక బండినంతా విప్పి ముక్క ముక్కా తూచి, కోసి, తగ్గించుకుంటూ వచ్చాడు. చివరికి రెండో కోటు రంగు వేస్తే హద్దు దాటుతుందని ఒక్క కోటుతో సరిపెట్టాడని జీపు పిచ్చివాళ్ళు చెప్పుకుంటారు. కాస్త ఉప్పూకారం కలిసి ఉండొచ్చు. రంగుకీ బరువుంటుందన్న మాట మాత్రం నిజం.

ఆ రంగు పేరు ఆలివ్ డ్రాబ్. వింటే ఆకుపచ్చ డబ్బా ఏదో అనుకుంటాం గానీ, ఓకర్ అనే పసుపు మట్టిలో నల్ల మసి కలిపితే చాలు, ఆ రంగు వచ్చేస్తుంది. ఆకుపచ్చ ఒక్క చుక్క అక్కర్లేదు. ముదురు పసుపు అనే రంగు మన కంటికి తెలీదు. పసుపుని మసకబారిస్తే మెదడు దాన్ని ఆకుపచ్చ ఖాతాలో రాసుకుంటుంది, నారింజని మసకబారిస్తే గోధుమ రంగు అనుకున్నట్టే. సైన్యానికి ఇది బాగా కలిసొచ్చింది. ఓకర్ భూమిలో దొరికే ఇనుప ఆక్సైడు, మసి కార్బన్. రెండూ చవకే, రెండూ ఎండకి వెలవవు. అదే సమయంలో బ్రిటన్ ఆకుపచ్చకి కావలసిన క్రోమియం ఆక్సైడ్ కరువై 1942లో తన బళ్ళకి గోధుమ రంగు పూసుకుంది. 1944లో అమెరికా బళ్ళతో కలిసిపోవడానికి తనూ ఆలివ్ డ్రాబ్ దారే పట్టింది.

రంగు కంటే పెద్ద పని మెరుపు చంపడం. విమానంలోంచి కిందికి చూసేవాడికి బండి రంగు తెలిసేలోపే దాని తళుకు తెలుస్తుంది. అందుకే జీపు ముందు అద్దాన్ని బానెట్ మీదికి మడిచి, పైన కాన్వాస్ తొడుగు వేసేవాళ్ళు. ఒంటి మీది పెయింటు కూడా మెరవకూడదు.

మామూలు ఎనామిల్‌లో రంగు పొడి తక్కువ, దాన్ని పట్టి ఉంచే నూనె, రెసిన్ల జిగురు ఎక్కువ. ఆరేటప్పుడు జిగురు పైకి తేలి నున్నగా గట్టిపడుతుంది. మ్యాట్ పెయింటులో లెక్క తిరగబడుతుంది. రంగు పొడికి తోడు టాల్క్, సిలికా లాంటి పొడులు దట్టించి, జిగురు వాటిని పూర్తిగా ముంచెత్తలేనంత తక్కువ పోస్తారు. ఆరాక పైభాగం వేలికి నున్నగానే తగులుతుంది. వెలుగు కొలతలో చూస్తే మాత్రం అంతా గుట్టలూ గుంటలే.

ఇక వెలుగు లెక్క. గాలిలోంచి వచ్చిన వెలుగు జిగురు పొరని తాకగానే, లోపలికి దిగకముందే, సుమారు 4 శాతం పైనుంచే తిరిగిపోతుంది. గాజుకైనా, వార్నిష్‌కైనా, ఏ రంగు పెయింటుకైనా ఇంచుమించు ఇంతే. ఈ 4 శాతానికి రంగు అంటదు, తెల్లటి ఎండ పడితే తెల్లగానే తిరిగొస్తుంది. మిగతా 96 శాతం లోపలికి దిగి, రేణువుల మధ్య అటూ ఇటూ తిరిగి, కొంత మింగబడి, కొంత రంగు పూసుకుని బయటపడుతుంది. నున్నటి పెయింటు మీద ఆ 4 శాతం అంతా ఒకే దిక్కుకి పోతుంది. మీరు ఆ దిక్కున ఉంటే కళ్ళు చెదురుతాయి, పక్కకి జరిగితే అసలు కనపడదు, చిక్కటి రంగు ఒక్కటే కనపడుతుంది. గరుకు పెయింటు మీద అదే 4 శాతం అన్ని దిక్కులకీ చెదిరిపోతుంది. ఎక్కడ నిలబడ్డా రంగు మీద పల్చటి తెల్ల తెర తప్పదు.

తెర పల్చనిదే, కానీ అది దేని మీద పరుచుకుందన్నది చూడాలి. ఆలివ్ డ్రాబ్ తన లోపలికి దిగిన వెలుగులో పదో వంతు కూడా తిరిగి ఇవ్వదు. లోపలినుంచి వచ్చే సొంత రంగు 7, 8 శాతం అనుకుంటే, 4 శాతం తెలుపు అంటే దాంట్లో సగం. లేత పసుపు గోడ మీద ఇదే తెర ఉన్నా ఎవరికీ పట్టదు. ముదురు రంగుని మాత్రం బూడిద చేసేస్తుంది.

నీళ్ళు పోసినప్పుడు ఆ గుంటలు నిండి పైన చదునైన పొర కడుతుంది. నీటి పొర పైనుంచి తిరిగిపోయేది 2 శాతమే, అదీ ఒక దిక్కుకే. తెర తొలగిపోతుంది. పైగా నీరు చుట్టుకున్న రేణువులు వెలుగుని గాల్లో ఉన్నంతగా చెదరగొట్టలేవు కాబట్టి వెలుగు ఇంకాస్త లోతుకి దిగి, ఎక్కువ మింగబడుతుంది. రంగు చిక్కబడుతుంది. తడిసిన చొక్కా, వాన పడ్డ సిమెంటు గట్టు ముదురుగా కనపడడానికీ కారణం ఇదే. యజమాని ఫొటోలో పడ్డ ఆకుపచ్చ అబద్ధమేమీ కాదు, అది రంగు పొడికున్న సొంత రంగు. కాకపోతే యుద్ధకాలంలో ఆ బండిని అలా చూసినవాడు వానలో తప్ప చూసి ఉండడు.

ఇక రుద్దే విద్య. పాత బండి మీద పొర మీద పొరగా ఎన్ని రంగులున్నాయో తెలియాలంటే గ్రైండర్ పెట్టి చెక్కకూడదు. చెక్కితే అన్నీ ఒకేసారి పోయి ఇనుము తేలుతుంది. తడిపిన వాటర్ పేపర్‌తో నడుమ ఎక్కువ, అంచులకి పోయేకొద్దీ తక్కువ రుద్దుతూ లోతులేని పళ్ళెంలా గుంట చేయాలి. అన్ని పొరలూ కలిపి 0.3 మిల్లీమీటరు మందం ఉన్నాయనుకోండి. గుంట అంచునుంచి నడిమికి దూరం 30 మిల్లీమీటర్లు ఉంటే వాలు నూటికి ఒకటి. 40 మైక్రాన్ల పొర, అంటే కంటికి అందనంత పల్చనిది, ఆ వాలు మీద 4 మిల్లీమీటర్ల వెడల్పు వలయమై కనపడుతుంది. లెన్సూ లేదు, కరెంటూ లేదు, కాగితం ముక్క వందరెట్ల భూతద్దం పని చేసిపెడుతుంది. ఈ వాలు కోత నాకెంత చూసినా తనివి తీరదు. పొడిగా రుద్దడం మాత్రం వద్దు. పాత రంగుల్లో సీసం, క్రోమేటు ఉంటాయి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చేటు.

ఆ షెడ్డులో బానెట్ మీద అలా తీసిన గుంటలో బయటనుంచి లోపలికి తెలుపు, మందపాటి లప్పం, నీలం, మెరిసే ముదురు ఆకుపచ్చ, బూడిదాకుపచ్చ, చివర ఎర్రటి ప్రైమరు వరసగా కనపడ్డాయి. ఫోనుకి తగిలించే చిన్న లెన్సుతో అంచులు చూస్తే ఇంకో సంగతి బయటపడింది. నీలానికీ కింది ఆకుపచ్చకీ మధ్య జుట్టంత సన్నని నల్ల గీత ఉంది. అది మురికి. ఆకుపచ్చ చాలాకాలం ఎండావానల్లో తిరిగి, కడగకుండానే నీలం పూయించుకుందన్నమాట. ప్రైమరుకీ మొదటి కోటుకీ మధ్య అలాంటి గీత లేదు. ఫ్యాక్టరీలో ఒకదాని వెంట ఒకటి పడ్డ కోట్లవి. గీత లేని జంటని వెతికితే మొదటి రంగు దొరికినట్టే.

దొరికింది కదాని దాన్నే నమ్మితే మళ్ళీ చిక్కే. ఇక్కడ ఇద్దరు సాక్షులున్నారు, ఇద్దరూ ఎదురెదురు దిక్కులకి అబద్ధం చెబుతారు. ఎండలో ఉన్న పెయింటులో అతినీలలోహిత కిరణాలు జిగురుని కొరికేస్తాయి, రంగు పొడి వదులై వేలికి సున్నంలా అంటుతుంది, పొర పాలిపోతుంది. చీకట్లో దాగిన పెయింటు, అంటే పై పొరల కింద, గ్లవ్ బాక్స్ మూత మీది డేటా ప్లేట్ల వెనక, డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంటలో ఉన్నది, పాలిపోదు. కానీ ఆనాటి ఆల్కిడ్ ఎనామిళ్ళలో ఎండు నూనెలు ఉండేవి, అవి వెలుగు లేనిచోట పసుపెక్కుతాయి. పాత నూనె చిత్రాన్ని పెట్టెలో దాచితే తెలుపు పసుపు కావడం లాంటిదే ఇదీ. మంచి సంగతేంటంటే ఈ పసుపులో చాలా మటుకు వెలుగుకి విరిగిపోతుంది. అందుకని తెరిచిన గుంటని వెంటనే పోల్చకుండా కొన్ని రోజులు ఎండలో పెట్టి, పసుపు దిగాక చూడాలి. ఈ ఓపిక లేకే చాలా జీపులు ఉండాల్సినదానికంటే ఆవపచ్చగా తయారవుతున్నాయి.

బానెట్ పక్కన సాయంత్రం టార్చి వేసి, వెలుగుని రేకు వెంబడి వాలుగా పోనిస్తే పాత సైన్యపు నంబరు అంకెలు లేస్తాయి. పూసిన అంకె కింద రంగు ఎండకి అరగదు, చుట్టుపక్కల అరుగుతుంది. పైన ఎన్ని కోట్లు పడ్డా ఆ ఎత్తుపల్లాలు మిగులుతాయి. అమెరికా జీపుల నంబర్లు 20తో మొదలయ్యేవి, మొదట్లో వాటిని నీలి డ్రాబ్ రంగుతో రాసేవాళ్ళు, దగ్గరికి పోతేగానీ కనపడేవి కావు. తర్వాత తెల్లగా రాశారు. బ్రిటిష్ సేనకి చేరిన బండి మీద ఎం అక్షరం, స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యంలో పైకి చూసే బాణం గుర్తు. కానీ ఒక జాగ్రత్త. మన దేశంలో బతికిన జీపుల బానెట్లు, ఛాసీలు వర్క్‌షాపుల్లో ఎన్నిసార్లు మారాయో చెప్పలేం. ఈ బండి ఛాసీ ముందు అడ్డకమ్మీ బోర్లించిన కాలువ ఆకారంలో ఉంది, ఫోర్డుదే. విల్లీస్‌ది గుండ్రటి గొట్టం. బానెట్ మీద ఉన్న నీలం ఛాసీ మీద ఎక్కడా లేదు. రెండూ వేర్వేరు బళ్ళవే కావచ్చు.

ఈ జీపులు ఇక్కడికి ఎలా వచ్చాయన్నది పెద్ద వింత కాదు. కుందలహళ్ళి నుంచి ఎంతో దూరం లేని హెచ్‌ఏఎల్, 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన విమానాల కర్మాగారం, 1943 నుంచి యుద్ధం ముగిసేదాకా అమెరికా వైమానిక దళపు మరమ్మతు డిపో. అమెరికన్ సైనికులున్నచోట జీపు లేకుండా ఉండదు. యుద్ధం అయ్యాక కాన్పూరులో తుక్కుగా వదిలేసిన లిబరేటర్ బాంబర్లని ఇక్కడికి ఎగరేసుకొచ్చి, బాగుచేసి, మన వైమానిక దళానికి అప్పగించింది కూడా ఈ హెచ్‌ఏఎలే. 1968 దాకా ఎగిరాయవి.

గుంటలోని రంగుని డబ్బాలోకి తేవడం ఇంకో తలనొప్పి. జె.సి. రోడ్డు వైపు పెయింటు కొట్లలో కంప్యూటర్ మిక్సింగ్ ఉంది, ముక్క చూపిస్తే కలిపి ఇస్తారు. కొట్లో ట్యూబులైటు కింద అచ్చుగుద్దినట్టు ఉంటుంది. సాయంత్రం ఎండలోకి తెస్తే కొత్తది పచ్చగా, పాతది మట్టిగా విడిపోతుంది. ఓకర్, మసి కలిసి వెలుగుని మింగే తీరు ఒకటి, ఇప్పటి కృత్రిమ ఆకుపచ్చ పొడుల తీరు వేరు. ఒక దీపం కింద రెండూ కంటిని ఒకే రకంగా మభ్యపెడతాయి, దీపం మారగానే గుట్టు రట్టు. నా మాట అడిగితే యంత్రాన్ని పక్కనపెట్టి, ఇనుప ఆక్సైడు పసుపులో నలుపు కొద్ది కొద్దిగా కలుపుకుంటూ మధ్యాహ్నం నీడలో చూసుకోవడం మేలు.

తర్వాతి చరిత్ర చకచకా చెప్పేయొచ్చు. మహీంద్రా 1940ల చివర్లో విడి భాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు బిగించింది. జబల్‌పూర్‌నుంచి జోంగా అనే సైనిక బళ్ళు వచ్చాయి. పరారుణ కెమెరాలు వచ్చాక ఆకులు తెల్లగా, పాత ఆలివ్ డ్రాబ్ బండి నల్లమచ్చగా పట్టుబడడం మొదలైంది. పత్రహరితం ఆ కిరణాల్ని మింగదు, ఆకు వాటిని తిప్పికొడుతుంది, మసి మాత్రం మింగేస్తుంది. దాంతో మసి లేని ఆకుపచ్చలు, పాలియురెథేన్ పూతలు వచ్చాయి. మెరవకూడదన్న నియమం మాత్రం అలాగే ఉంది.

ఆ షెడ్డులో ఇప్పుడు వాదన క్లియర్ కోటు మీద నడుస్తోంది. యజమానికి ర్యాలీలో బండి నిగనిగలాడాలి. పెయింటరుకి అది కొట్టడం సులువే, పైగా డబ్బు. కానీ క్లియర్ కోటైనా, ఆదివారం పొద్దున రుద్దే వ్యాక్స్ పాలిష్ అయినా గుంటల్ని నింపేసి, నీళ్ళు చేసిన పనే శాశ్వతంగా చేస్తుంది. మ్యాట్ బండిని సబ్బు నీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, వదిలేయాలి.